అరిస్టాటిల్ తర్వాత ఎవరూ లేరా? గ్రీకు, రోమన్ తత్త్వశాస్త్ర చరిత్రను ఎలా చదవాలి

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. సివిల్స్ ఫిలాసఫీ ఆప్షనల్ సిలబస్‌లో ప్లేటో, అరిస్టాటిల్ అవగానే నేరుగా 17వ శతాబ్దపు ఫ్రెంచ్ తత్త్వవేత్త డెకార్ట్ వచ్చేస్తాడు, మధ్యలో దాదాపు 2000 ఏళ్లు ఎవరూ ఏమీ ఆలోచించలేదా అన్నది ఒకటి. రోమన్లు సొంతంగా చేసింది లేదు, అంతా గ్రీకుల దగ్గర కాపీ కొట్టిందే అంటారు, నిజమేనా అన్నది రెండోది. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలన్నది మూడోది. చాలాకాలంగా డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఈ పేపరే చెబుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ చరిత్రలో ఎవరు కొండంత కనిపిస్తారు, ఎవరు చుక్కంత కనిపిస్తారు అన్నది ప్రతిభ ఒక్కటే తేల్చలేదు. ఎవరి రాతలు మిగిలాయి, ఎవరివి పోయాయి అన్నది కూడా తేల్చింది. ప్లేటో రాసి బయటపెట్టినవన్నీ మనకు దక్కాయి. అరిస్టాటిల్ జనం చదువుకోవడానికి రాసిన సంభాషణలు పోయాయి; ఇప్పుడు మనం చదివేది చాలావరకు ఆయన పాఠాలకు సంబంధించిన నోట్సు. క్రిసిప్పస్ అనే స్టోయిక్ 705 గ్రంథాలు రాశాడని ప్రాచీనులు లెక్క చెప్పారు, ఒక్కటి కూడా పూర్తిగా మిగల్లేదు. ఎపిక్యూరస్ దాదాపు 300 పాపిరస్ చుట్టలు రాస్తే మిగిలినవి మూడు ఉత్తరాలు, 40 సూత్రాలు, కొన్ని తునకలు. ఆ ఉత్తరాలైనా క్రీ.శ. 3వ శతాబ్దంలో డయోజనీస్ లేయర్షియస్ తత్త్వవేత్తల జీవితాలు రాస్తూ చివరి భాగంలో వాటిని ఎత్తి రాసుకోబట్టి బతికాయి. సిలబస్ వేసేవాళ్లు దొరికే పుస్తకాల నుంచే వేస్తారు కదా. అందుకే నా విద్యార్థులకు ఎప్పుడూ ఒకటే చెబుతాను: ఏ పేరు కనబడినా, ఈయన మాట మన దాకా ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ముందు కనుక్కోండి. ఆ ప్రశ్న పట్టుకుంటే మీ మూడు ప్రశ్నలకూ దారి దొరుకుతుంది.

సోక్రటీస్‌కు ముందువాళ్లనే తీసుకోండి. థేలీస్, అనాక్సిమాండర్ మిలేటస్ వాళ్లు. హెరక్లిటస్‌ది ఎఫెసస్. రెండూ ఇప్పటి టర్కీ పడమటి తీరంలో ఉన్నాయి. పార్మెనిడీస్‌ది దక్షిణ ఇటలీలోని ఎలియా, ఎంపెడోక్లిస్‌ది సిసిలీ. అంటే మొదటి వందేళ్లకు పైగా ఏథెన్స్‌కు ఇందులో పెద్ద పాత్రే లేదు. నాలుగు దేశాల ఓడలు వచ్చిపోయే రేవు పట్టణాల్లో, ఒక్కో జాతి ఒక్కో దేవుణ్ని కొలవడం కళ్లారా చూసినవాళ్లు ఈ ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎడ్లకూ గుర్రాలకూ చేతులుండి బొమ్మలు గీయగలిగితే ఎడ్లు తమ దేవుళ్లను ఎడ్లలా, గుర్రాలు గుర్రాల్లా గీసేవని జెనోఫనీస్ అన్నాడు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో పుట్టిన మనిషి ఇంత తెగువతో మాట్లాడాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వీళ్లలో ఒక్కరి పుస్తకమూ పూర్తిగా లేదు. తర్వాతివాళ్లు ఎక్కడో ఉటంకించిన ముక్కలే ఉన్నాయి. పార్మెనిడీస్ పద్యం మనకు ఎలా దక్కిందో చూడండి. ఆయన తర్వాత దాదాపు 1000 ఏళ్లకు, క్రీ.శ. 6వ శతాబ్దంలో, సింప్లిసియస్ అరిస్టాటిల్ 'ఫిజిక్స్' మీద వ్యాఖ్య రాస్తున్నాడు. మధ్యలో ఆగి, పార్మెనిడీస్ గ్రంథం ఇప్పుడు దొరకడం అరుదైపోయింది కాబట్టి ఈ పంక్తులను ఇక్కడ రాసి పెడుతున్నానని చెప్పి, వరసగా పెద్ద భాగం ఎత్తి రాశాడు. ఆ మనిషికి ఆ ఆలోచన రాకపోయి ఉంటే 'ఉన్నది ఉంది, లేనిది లేదు' అన్న వాదం గురించి ఇవాళ మనం రాసే జవాబుల్లో సగం ఉండేది కాదు.

సోక్రటీస్ విషయంలో చిక్కు ఇంకో రకం. ఆయన ఏమీ రాయలేదు. ముగ్గురు సమకాలికుల సాక్ష్యం ఉంది: క్రీ.పూ. 423లో 'మేఘాలు' నాటకంలో ఆయన్ను ఆటపట్టించిన అరిస్టోఫనీస్, శిష్యులు ప్లేటో, జెనోఫన్. ముగ్గురి సోక్రటీస్‌లూ ఒకరితో ఒకరు కలవరు. క్రీ.పూ. 399లో, 70 ఏళ్ల వయసులో, యువకులను చెడగొట్టాడనీ, నగరం కొలిచే దేవుళ్లను ఒప్పుకోలేదనీ ఆరోపించి విషం తాగించారు. ముప్పై ఓట్లు అటు పడి ఉంటే విడుదలయ్యేవాణ్నని ప్లేటో 'అపాలజీ'లో ఆయనే అంటాడు. ఆ మరణం ప్లేటోను జీవితాంతం వదల్లేదు. ప్లేటో గురించి మీ సిలబస్‌లో కావలసినంత ఉంది కాబట్టి ఒక్క విషయం మాత్రం చెప్పి వదిలేస్తాను. ఆయన పెట్టిన అకాడమీ అంటే ఏథెన్స్ గోడల బయట, అకాడెమస్ అనే వీరుడి పేరు మీద ఉన్న ఒక తోపు. అక్కడ గణితం నేర్చుకుంటూ, కలిసి తింటూ, ఏళ్ల తరబడి వాదించుకుంటూ బతికిన మనుషుల గుంపును అలా పిలిచేవారు. తత్త్వశాస్త్రం అప్పట్లో ఒక సబ్జెక్టు మాత్రమే కాదు, ఒక చోట చేరి బతికే తీరు కూడా అన్నది గుర్తుంచుకుంటే తర్వాత వచ్చేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అరిస్టాటిల్ ఆ తోపులో 20 ఏళ్లు గడిపాడు. పదార్థం, రూపం, నాలుగు కారణాలు అని మీరు పరీక్షకు బట్టీ పడుతుంటారు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే ఆయన గుడ్లు పగలగొట్టిన చోటికి వెళ్లాలి. 'జంతువుల చరిత్ర' ఆరో భాగంలో కోడిగుడ్డు పొదిగేటప్పుడు లోపల ఏం జరుగుతుందో రాశాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచాక తొలి జాడ కనిపిస్తుంది. గుండె తెల్లసొనలో ఒక రక్తపు చుక్కంత ఉంటుంది, ప్రాణమున్నట్టు కొట్టుకుంటూ కదులుతుంది అంటాడు. పదో రోజుకు పిల్ల అవయవాలన్నీ స్పష్టంగా కనిపిస్తాయని, కళ్లు ఎంత పెద్దగా ఉంటాయో కూడా చెప్తాడు. ఇంకోచోట ఒక జాతి నున్నటి సొరచేప పిల్లలు తల్లి గర్భసంచికి బొడ్డుతాడుతో అంటుకుని పెరుగుతాయని రాశాడు. చేపకు బొడ్డుతాడేమిటని శతాబ్దాల పాటు ఎవరూ నమ్మలేదు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త యొహానెస్ ముల్లర్ కోసి చూసి అది నిజమేనని తేల్చాడు. లెస్బోస్ దీవిలో ఒక ఉప్పుకయ్య ఒడ్డున చేపలు, నత్తలు, పీతలు చూస్తూ గడిపిన రోజులు ఆయన తత్త్వానికి పునాది. ఒక రక్తపు చుక్క కోడిపిల్లగా మారుతుంటే, అది దేనివైపు పెరుగుతోంది అనే ప్రశ్న వేయకుండా ఉండలేం. 'సంభావ్యత, వాస్తవికత' అన్న పరీక్ష ప్రశ్నను ఈ గుడ్డు దగ్గర పెట్టి చదవండి, మళ్లీ మర్చిపోరు.

ఇక అసలు విషయానికి వద్దాం. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో, అరిస్టాటిల్ 322లో పోయారు. పాఠ్యపుస్తకాల్లో తర్వాత వచ్చే వాక్యం ఎలా ఉంటుందంటే, నగర రాజ్యాలు కూలిపోయాయి, జనం దిక్కుతోచక వ్యక్తిగత ప్రశాంతత వెతుక్కున్నారు, తత్త్వశాస్త్రం చిక్కిపోయింది అని. దీనితో నేను ఏకీభవించను. ఏథెన్స్‌కు స్వతంత్ర బలం తగ్గిన మాట నిజమే కానీ, సభలూ కోర్టులూ వాదనలూ ఆగలేదు. పైగా మధ్యధరా తీరం నలుమూలల నుంచీ కుర్రాళ్లు చదువుకోవడానికి అక్కడికి వచ్చిందే ఈ కాలంలో. ఒకే ఊళ్లో నడిచి వెళ్లేంత దూరంలో నాలుగు సంప్రదాయాలు ఉండేవి: అకాడమీ, అరిస్టాటిల్ బడి అయిన లైసియం, ఎపిక్యూరస్ తోట, స్టోయిక్కుల మండపం. ఒకరి వాదాన్ని ఇంకొకరు వదలకుండా చీల్చి చెండాడేవారు. అది పతనమైతే అలాంటి పతనం ప్రతి ఊరికీ రావాలని కోరుకుంటాను.

స్టోయిక్ సంప్రదాయం మొదలుపెట్టిన జీనో సైప్రస్‌లోని కిటియం నుంచి వచ్చిన వ్యాపారి. ఓడ మునిగి సరుకు పోయాక ఏథెన్స్ చేరాడు. ఒక పుస్తకాల అంగట్లో కూర్చుంటే జెనోఫన్ రాసిన సోక్రటీస్ కబుర్లు చదువుతున్నారట. ఇలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడిగాడు. అప్పుడే క్రేటిస్ అనే సినిక్ (ఆస్తినీ లోకమర్యాదలనూ వదిలేసి బతికే తత్త్వవేత్త) ఆ దారిన పోతుంటే, ఆయన వెంట వెళ్లమని అంగడివాడు చూపించాడు. ఈ కథ డయోజనీస్ లేయర్షియస్ చెప్పిందే. క్రీ.పూ. 300 ప్రాంతంలో బజారు పక్కన బొమ్మలు వేసిన ఒక బహిరంగ మండపంలో జీనో పాఠం మొదలుపెట్టాడు. సొంత స్థలం లేదు, తలుపులు లేవు, దారిన పోయేవాడు కూడా నిలబడి వినొచ్చు. ఆయన తర్వాత పీఠం ఎక్కిన క్లియాంథిస్ ఒకప్పుడు ముష్టియుద్ధం చేసినవాడు. రాత్రుళ్లు తోటలకు నీళ్లు తోడి కూలి సంపాదించి పగలు పాఠం వినేవాడు. రాసుకోవడానికి పాపిరస్ కొనలేక ఆల్చిప్పల మీదా ఎద్దుల భుజం ఎముకల మీదా జీనో మాటలు రాసుకున్నాడని చెప్తారు.

మూడోవాడు క్రిసిప్పస్. ఆయన లేకపోతే స్టోవానే లేదని సామెతలా అనేవారు; స్టోవా అంటే ఆ మండపమే, స్టోయిక్ అన్న పేరు దాన్నుంచే వచ్చింది. ఆయన పుస్తకాలు పోవడం వల్ల జరిగిన నష్టం ఎంతటిదో ఒక ఉదాహరణతో చెప్తాను. అరిస్టాటిల్ తర్కం 'మనుషులందరూ మర్త్యులు' వంటి వాక్యాల్లోని పదాల మధ్య సంబంధాన్ని పట్టుకుంటుంది. క్రిసిప్పస్ పూర్తి వాక్యాలనే ఇటుకలుగా తీసుకున్నాడు: పగలైతే వెలుగుంటుంది, పగలైంది, కాబట్టి వెలుగుంది. ఇలాంటి ఐదు మూల రూపాలు పెట్టి వాటి మీద మిగతా వాదాలన్నీ కట్టాడు. వేట కుక్క మూడు దారుల కూడలికి వచ్చి, రెండు దారుల్లో వాసన చూసి, జంతువు జాడ లేకపోతే మూడోదాన్ని వాసన చూడకుండానే పరుగెత్తుతుంది. అంటే అది కూడా ఒక రకంగా ఈ ఐదింటిలో ఒకదాన్నే వాడుతోందన్నాడు. మిగిలిన తునకలు చూసి 19వ శతాబ్దపు పండితులు ఇదంతా అరిస్టాటిల్‌కు పేలవమైన నకలని కొట్టిపారేశారు. 20వ శతాబ్దంలో పోలండ్ తర్కవేత్త యాన్ లుకసేవిచ్ వచ్చి, ఇది వేరే తర్కం, ఇప్పుడు మనం ప్రతిజ్ఞా తర్కం (ప్రొపొజిషనల్ లాజిక్) అని నేర్పేది ఇదేనని చూపించాడు. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు మొదటి సంవత్సరంలో నేర్చుకునే దానికి మూలపురుషుల్లో ఒకడు మీ సిలబస్‌లో లేడు.

ఎపిక్యూరస్ గురించి ఒక అపోహ తీసేయాలి. ఆనందమే పరమార్థం అన్నాడు కాబట్టి తిని తాగి తిరగమన్నాడనుకుంటారు. ఆయన తోటలో రోజువారీ భోజనం రొట్టె, నీళ్లు. ఒక మిత్రుడికి, చిన్న కుండెడు జున్ను పంపు, విందు చేసుకోవాలనిపించినప్పుడు తింటాను అని రాశాడు. ఆడవాళ్లనూ బానిసలనూ తోటలోకి రానిచ్చాడు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. దేవుళ్ల భయం, చావు భయం మనసులోంచి తీసేస్తే మిగిలే కలతలేని స్థితే ఆనందం అన్నది ఆయన మాట. అందుకోసమే అణువాదం కావాల్సి వచ్చింది: ఉరుములూ గ్రహణాలూ దేవుళ్ల కోపం కాదని చెప్పడానికి.

భారతదేశంతో సంబంధం ఉందా అని మీలో చాలామంది అడుగుతుంటారు. దొరికిన ఆధారాల వరకే చెప్తాను. సంశయవాదానికి ఆద్యుడైన పిర్రో అలెగ్జాండర్ సేనతో ఇక్కడిదాకా వచ్చి దిగంబర సన్యాసులను కలిశాడని డయోజనీస్ లేయర్షియస్ రాశాడు. తక్షశిల దగ్గర సన్యాసులతో అలెగ్జాండర్ మనిషి ఒనెసిక్రిటస్ జరిపిన సంభాషణను భూగోళ రచయిత స్ట్రాబో నమోదు చేశాడు. అఫ్గానిస్తాన్‌లోని ఐ-ఖానుమ్ అనే పాత గ్రీకు నగరం తవ్వకాల్లో ఒక పాపిరస్ పూర్తిగా చివికిపోయి, దాని సిరా అక్షరాలు మాత్రం మట్టి మీద అచ్చుపడి దొరికాయి. అది ప్లేటో 'రూపాల' సిద్ధాంతానికి సంబంధించిన చర్చ. ఇంకొకటి మనకు బాగా దగ్గరిది. అశోకుడి 13వ శిలాశాసనంలో ఐదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లున్నాయి. అందులో 'అంతికిని' అన్నది మాసిడోనియా రాజు ఆంటిగోనస్ గొనాటస్ అని పండితులు గుర్తించారు. ఈ ఆంటిగోనస్ ఏథెన్స్ వచ్చినప్పుడల్లా జీనో పాఠం వినేవాడు, తన ఆస్థానానికి రమ్మని పిలిచాడు. వయసు మీద పడిందని జీనో శిష్యులను పంపాడు. ఆ శాసనం ప్రతి మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. దీన్నిబట్టి ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారని తీర్పు చెప్పకండి. గ్రీకులూ మనవాళ్లూ ఒకే కాలపు, ఒకరికొకరు తెలిసిన ప్రపంచంలో ఉన్నారన్నంత వరకు గట్టిగా చెప్పొచ్చు.

ఇప్పుడు రోమన్ల సంగతి. క్రీ.పూ. 155లో ఏథెన్స్ రోమ్‌కు ముగ్గురు రాయబారులను పంపింది. ఒరోపస్ అనే ఊరిని దోచుకున్నందుకు ఏథెన్స్‌కు పడిన 500 టాలెంట్ల జరిమానా తగ్గించమని అడగడం పని. పంపింది రాజకీయ నాయకులను కాదు, ముగ్గురు తత్త్వవేత్తలను: అకాడమీ అధిపతి కార్నియాడిస్, స్టోయిక్ డయోజనీస్, అరిస్టాటిల్ సంప్రదాయం నుంచి క్రిటొలాస్. సెనేట్ పిలుపు కోసం ఎదురుచూస్తూ వాళ్లు ఊళ్లో ఉపన్యాసాలిచ్చారు. కార్నియాడిస్ ఒకరోజు న్యాయాన్ని సమర్థిస్తూ మాట్లాడి, మర్నాడు అదే న్యాయానికి వ్యతిరేకంగా అంతే బలంగా మాట్లాడాడు. రోమన్లు నిజంగా న్యాయంగా ఉండదలిస్తే గెలుచుకున్నవన్నీ తిరిగిచ్చేసి మళ్లీ గుడిసెల్లోకి పోవాల్సి వస్తుందని ఆ రెండో వాదంలో ఉంది. ప్రపంచాన్ని గెలుస్తున్న వాళ్ల రాజధానిలో నిలబడి ఆ మాట అనడం ఎంత సాహసమో ఊహించుకోండి. కుర్రాళ్లు ఎగబడి విన్నారు. పాతకాలపు కట్టుబాట్లు పట్టుకున్న పెద్దాయన, సెనేటర్ కేటోకు టెన్షన్ పట్టుకుంది. వీళ్ల పని త్వరగా తేల్చి పంపేయండి, వాళ్ల ఊరి పిల్లలకు వాళ్లు పాఠాలు చెప్పుకుంటారు, మన పిల్లలు మన చట్టాలను వింటారు అని సెనేట్‌ను తొందరపెట్టాడు.

ప్లేటో పెట్టిన అకాడమీ అధిపతి ఇలా రెండువైపులా వాదించడం ఏమిటని అనిపించొచ్చు. అప్పటికి వందేళ్లుగా అకాడమీ సంశయవాదుల చేతుల్లో ఉంది. ఏదీ నిశ్చయంగా తెలుసుకోలేం, ఎక్కువ నమ్మదగినదాన్ని పట్టుకుని నడవాలి అన్నది వాళ్ల మార్గం. కార్నియాడిస్ ఏమీ రాయలేదు. శిష్యుడు క్లిటోమాకస్ ఆయన వాదాలతో 400 చుట్టలు రాస్తే అన్నీ పోయాయి. న్యాయం మీద ఆ రెండో వాదం మనకు తెలిసింది రోమన్ రాజకీయవేత్త, రచయిత సిసిరో రాసిన 'రిపబ్లిక్' వల్ల. ఆ గ్రంథాన్ని ఎవరో చర్మపు పుటల మీద కడిగేసి పైన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ వ్యాఖ్యానం రాసుకున్నారు. 1819లో వాటికన్ గ్రంథాలయంలో ఆంజెలో మాయ్ ఆ అడుగు అక్షరాలు గుర్తించి చదివాడు. అందులోనూ ఈ భాగంలో చాలా పుటలు లేవు, క్రైస్తవ రచయిత లాక్టాన్షియస్ చెప్పిన సారాంశంతో పూడ్చుకోవాలి.

కాపీ అన్న నిందకు కొంత బలం ఇచ్చింది సిసిరోయే. స్నేహితుడు ఆటికస్‌కు రాసిన ఉత్తరంలో, ఇవి నకళ్లే, పెద్ద కష్టం లేదు, మాటలు మాత్రమే నావి, వాటికి నా దగ్గర కొదవలేదు అన్నాడు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని చాలామంది తీర్పు చెప్పేశారు. ఆయన ఏ స్థితిలో ఏం రాశాడో చూడండి. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో కూతురు తులియా పురుడు వచ్చిన కొద్దిరోజులకే చనిపోయింది. సీజర్ నియంతృత్వంలో రాజకీయాల్లో ఆయనకు చోటు లేదు. అప్పటి నుంచి రెండేళ్లు తిరక్కుండా జ్ఞానం మీద, మంచి చెడుల పరమావధి మీద, దుఃఖం మీద, దేవుళ్ల స్వభావం మీద, కర్తవ్యం మీద వరసగా గ్రంథాలు రాశాడు. ఒక్కో గ్రంథంలో ఎపిక్యూరియన్ తన వాదం పూర్తిగా వినిపిస్తాడు, స్టోయిక్ వినిపిస్తాడు, తర్వాత అకాడమీ మనిషి వచ్చి ఇద్దరినీ పరీక్షిస్తాడు. ఎవరు నెగ్గారో తేల్చుకోవడం చదివేవాడికి వదిలేస్తాడు. అంతకు ముందు లాటిన్‌లో ఈ స్థాయి చర్చకు భాషే లేదు. మూడు శతాబ్దాల గ్రీకు వాదోపవాదాల్లో మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం ఈ ఒక్క మనిషి పుణ్యమే. క్రీ.పూ. 43 డిసెంబరులో ఆంటొనీ మనుషులు ఆయన్ను చంపారు.

లుక్రీషియస్ కూడా అంతే. ఎపిక్యూరస్ భౌతికశాస్త్రాన్ని ఆరు భాగాల లాటిన్ కావ్యంగా, 7000కు పైగా పంక్తుల్లో రాశాడు. చీకటి గదిలోకి సూర్యకిరణం పడినప్పుడు అందులో ధూళి రేణువులు ఎడతెగకుండా కొట్టుకుంటూ కనిపిస్తాయి కదా, కంటికి కనబడని అణువుల కదలికకు అదే సాక్ష్యం అంటాడు. అణువులు కొంచెం పక్కకు ఒరుగుతాయి, అందువల్లే మనకు స్వేచ్ఛ ఉంది అన్న ప్రసిద్ధ వాదం ఎపిక్యూరస్ మిగిలిన రాతల్లో దొరకదు, వివరంగా చెప్పింది ఈ కవే. 1417లో పాత రాతప్రతులు వెతికే ఇటలీ పండితుడు పోజ్జో బ్రాచ్చొలీనీ ఒక మఠంలో రాతప్రతిని కనిపెట్టేదాకా ఈ కావ్యాన్ని దాదాపు అందరూ మర్చిపోయారు.

రోమ్ సొంతంగా ఇచ్చిందేమిటంటే, అధికారం, డబ్బు, ప్రాణభయం మధ్య ఈ సిద్ధాంతాలు నిలుస్తాయా అన్న పరీక్ష. స్టోయిక్ రచయిత సెనెకా నీరో చక్రవర్తికి గురువు, అపారమైన ధనవంతుడు. సాదాగా బతకమని రాస్తూ అంత ఆస్తి ఏమిటని అప్పట్లోనే నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని దాటవేయకూడదు. కానీ మిత్రుడు లుసీలియస్‌కు రాసిన 124 ఉత్తరాలు చదివితే తనతో తాను పోరాడుతున్న మనిషి కనిపిస్తాడు. 56వ ఉత్తరం చూడండి. స్నానశాల మీద మేడలో ఉంటున్నాడు. కింద బరువులెత్తేవాళ్ల మూలుగులు, మాలిష్ చేసేవాడి చెయ్యి భుజం మీద పడే చప్పుడు, అరచెయ్యి చాచి కొడితే ఒక రకం, గుంటగా పెట్టి కొడితే ఇంకో రకం. దొంగను పట్టుకున్న గోల. నీళ్లలోకి ధభీమని దూకేవాళ్లు. వెంట్రుకలు పీకేవాడి సన్నటి కేక, గిరాకీ దొరికితే అప్పుడు గిరాకీ పెట్టే కేక. తినుబండారాలు అమ్మేవాళ్ల ఒక్కొక్కరి రాగం. ఇదంతా వర్ణించి, బయటి చప్పుడు కాదు, లోపల కోరికలు పెట్టే గోల ఆగిందా లేదా అన్నదే ప్రశ్న అంటాడు. చివర్లో, అయినా ఇక ఈ ఇల్లు మారుస్తానని రాస్తాడు. ఆ నిజాయితీ కోసమే నాకు ఈ ఉత్తరమంటే ఇష్టం. క్రీ.శ. 65లో నీరో ఆజ్ఞ మీద ప్రాణం తీసుకున్నాడు.

తర్వాతి తరంలో ఎపిక్టిటస్ అనే స్టోయిక్ బానిసగా పుట్టినవాడు, కుంటివాడు. డొమీషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను ఇటలీ నుంచి వెళ్లగొడితే గ్రీసు పడమటి తీరంలోని నికోపొలిస్ చేరి బడి పెట్టాడు. ఏమీ రాయలేదు, శిష్యుడు ఆరియన్ రాసుకున్నాడు. ఎనిమిది సంపుటాల్లో నాలుగే మిగిలాయి. మన చేతిలో ఉన్నవి, లేనివి విడదీసుకో అన్నది ఆయన తొలి పాఠం: అభిప్రాయం, కోరిక, ప్రయత్నం మనవి, శరీరం, ఆస్తి, పేరు, పదవి మనవి కావు. ఆ నోట్సును రస్టికస్ అనే గురువు ఒక కుర్రాడికి ఇచ్చాడు. ఆ కుర్రాడు క్రీ.శ. 161లో చక్రవర్తి అయిన మార్కస్ ఒరీలియస్. బానిస చెప్పిన పాఠాన్ని చక్రవర్తి డాన్యూబ్ సరిహద్దు యుద్ధ శిబిరాల్లో తనకు తాను గ్రీకులో రాసుకుంటూ అభ్యాసం చేశాడు. ఇప్పుడు రీల్స్‌లో 'స్టోయిసిజం' పేరుతో తిరిగే ముక్కలు చాలావరకు ఈయనవే, కొన్ని ఈయనవి కానే కావు. సందర్భం తీసేసి వాటిని సక్సెస్ సూత్రాలుగా అమ్మడం నాకు బాధ కలిగిస్తుంది. మనుషులు ఒకరి కోసం ఒకరు పుట్టారన్న మాట ఆ పుస్తకంలో పదేపదే వస్తుంది. రీల్స్‌లో ముందు పోయేది అదే.

ప్లోటినస్ గురించి విడిగా రాయాల్సినంత ఉంది. అలెగ్జాండ్రియాలో చదివాడు. పర్షియన్, భారతీయ తత్త్వాలు తెలుసుకోవాలని క్రీ.శ. 243లో గోర్డియన్ చక్రవర్తి దండయాత్రలో చేరాడు. ఆ చక్రవర్తి మరణంతో ఆ ప్రయాణం మధ్యలోనే ఆగిపోయింది. రోమ్‌లో స్థిరపడి ప్లేటోకు ఇచ్చిన కొత్త వ్యాఖ్యానాన్ని శిష్యుడు పోర్ఫిరీ 54 వ్యాసాలుగా, తొమ్మిదేసి చొప్పున ఆరు భాగాలుగా కూర్చాడు. అగస్టీన్ మీదుగా క్రైస్తవ వేదాంతంలోకి, అరబ్బీలోకి ప్లేటో వెళ్లింది చాలావరకు ఈ దారినే.

ఒక తప్పును మాత్రం సరిచేసుకోండి, గైడ్లలో విస్తారంగా ఉంది. ప్లేటో అకాడమీ 900 ఏళ్లు నిరాటంకంగా నడిచింది, క్రీ.శ. 529లో జస్టీనియన్ చక్రవర్తి మూసేశాడు అని రాస్తారు. ప్లేటో పెట్టిన సంస్థ క్రీ.పూ. 1వ శతాబ్దంలోనే చెదిరిపోయింది. యుద్ధ భయంతో అధిపతి ఫిలో రోమ్‌కు వెళ్లిపోయాడు, అక్కడ ఆయన పాఠం విన్న కుర్రాళ్లలో సిసిరో ఒకడు. క్రీ.పూ. 86లో ఏథెన్స్ ముట్టడిలో రోమన్ సేనాని సల్లా అకాడమీ, లైసియం తోపుల చెట్లు నరికించి గోడలు కూల్చే యంత్రాలు చేయించాడు. 529లో దెబ్బతిన్నది క్రీ.శ. 400 ప్రాంతంలో కొత్తగా మొదలైన నియోప్లేటోనిక్ (ప్లోటినస్ దారిలో ప్లేటోను చదివే) పాఠశాల. దాని చివరి ఆచార్యుడు డమాసియస్, పైన చెప్పిన సింప్లిసియస్, మరో ఐదుగురు పర్షియా రాజు ఖుస్రో దగ్గరికి వెళ్లారు. అక్కడ ఇమడలేకపోయారు. 532 సంధిలో, వీళ్లు తిరిగి వెళ్లి తమ నమ్మకాలతో నిర్భయంగా బతకొచ్చు అన్న షరతును ఖుస్రో పట్టుబట్టి పెట్టించాడు. సింప్లిసియస్ ఆ గొప్ప వ్యాఖ్యలు రాసింది ఆ తర్వాతే అని చాలామంది పండితుల అంచనా. అంటే పార్మెనిడీస్ పద్యం మనకు మిగలడంలో ఒక పర్షియా రాజు పెద్దమనసుకూ వాటా ఉంది.

అక్కడి నుంచి సిరియాక్, అరబ్బీ అనువాదాలు, బాగ్దాద్, టొలెడో, చివరికి యూరప్ విశ్వవిద్యాలయాలు. ఇదే మీ 2000 ఏళ్ల ఖాళీ. ఆ కథ ఇంకా అయిపోలేదు కూడా. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు హెర్క్యులేనియంలో ఒక భవంతి గ్రంథాలయం బూడిద కింద బొగ్గైపోయింది. 1750లలో తవ్వితే వందల చుట్టలు దొరికాయి, చాలావరకు ఫిలొడెమస్ అనే ఎపిక్యూరియన్‌వి. విప్పితే పొడి అయిపోతాయి. 2023లో వాటిని విప్పకుండా ఎక్స్‌రే స్కాన్ తీసి, కంప్యూటర్‌తో సిరా జాడ పట్టి, కొన్ని కాలమ్‌లు చదవగలిగారు. మొదట బయటపడిన మాట 'ఊదా రంగు'. ఆ చదివిన భాగంలో తిండి, సంగీతం ఇచ్చే ఆనందం గురించి చర్చ ఉంది. రేపు అక్కడ క్రిసిప్పస్ చుట్టలు మరికొన్ని పూర్తిగా చదవగలిగితే మన పాఠ్యపుస్తకాల్లో కొన్ని అధ్యాయాలు తిరగరాయాల్సిందే.

ఇక ఏం చదవాలి. ప్లేటో 'యూథిఫ్రో', 'అపాలజీ', 'క్రిటో' ఈ వరసలో చదవండి, మూడూ కలిపి రెండు సాయంత్రాల పని. వెంటనే ఎపిక్యూరస్ మెనీసియస్‌కు రాసిన ఉత్తరం, కొద్ది పేజీలే. దానికి ఎదురుగా ఎపిక్టిటస్ 'కరదీపిక' (ఎంకిరిడియన్) పెట్టుకుని ఇద్దరిలో ఎవరి వాదం మీకు నిలుస్తుందో కాగితం మీద రాసుకోండి. ఆ రాసుకున్నది చేతిలో ఉంచుకుని సిసిరో మంచి చెడుల పరమావధి మీద రాసిన గ్రంథం తెరవండి; మీకు వచ్చిన అభ్యంతరాల్లో చాలా వాటిని ఆయన అప్పుడే ఎత్తి ఉంటాడు. సెనెకా ఉత్తరాల్లో 47, 56 తప్పనిసరి. మార్కస్ ఒరీలియస్‌ను వీటి తర్వాతే చదవండి, ముందు చదివితే సూక్తుల పుస్తకంలా కనిపిస్తుంది.

పరీక్ష దగ్గరలో ఉంటే ఈ వరస పక్కన పెట్టి ప్లేటో 'రిపబ్లిక్' ఆరో, ఏడో భాగాలు, అరిస్టాటిల్ 'ఫిజిక్స్' రెండో భాగం మూల పాఠంలోనే చదవండి. 'మెటాఫిజిక్స్' ఏడో భాగం మాత్రం ఒంటరిగా చదవొద్దు, ఎవరైనా తోడు చూసుకుని పేజీ పేజీ వాదించుకుంటూ చదవండి. అక్కడ ఆగిపోయిన వాక్యం ఏదో ఇక్కడ రాయండి, అక్కడి నుంచి చెప్తాను.